వైరస్ కోడాన్ల మొగ్గును చూసి అది మనిషికి అలవాటు పడిందని చెప్పవచ్చా?

మీ ప్రశ్నలో రెండు అంశాలున్నాయి. సార్స్‌-కోవ్‌-2 (కోవిడ్ వైరస్) పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్ జన్యువుకూ, ఆర్‌ఎన్‌ఏను చుట్టి ఉంచే న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ జన్యువుకూ మూడు కొలతలు లెక్కగట్టారు: ఒక కోడాన్‌ను సమాన వాడకంతో పోలిస్తే ఎంత ఎక్కువగా వాడారో చెప్పే ఆర్‌ఎస్‌సీయూ, జన్యువు వాస్తవంగా ఎన్ని కోడాన్లను వాడుతోందో చెప్పే సమర్థ కోడాన్ల సంఖ్య ఈఎన్‌సీ, దాని కోడాన్లు ఎంచుకున్న జీవి కోడాన్లతో ఎంత సరిపోతాయో 1కి మించని అంకెతో చెప్పే సీఏఐ. ఈఎన్‌సీ బిందువులు ప్రామాణిక వక్రరేఖకు కింద పడ్డాయి, మానవ జన్యువుల ప్రకారం చూస్తే సీఏఐ 0.7 దాకా వచ్చింది, కాబట్టి "ప్రకృతి వరణమే ప్రధాన కారణం, వైరస్ మానవ కణాలకు అనుగుణంగా మారింది" అని సిద్ధాంత గ్రంథంలో రాయవచ్చా అని అడిగారు. స్పైక్‌లో పక్కపక్కనే ఉన్న రెండు సీజీజీ కోడాన్లు ప్రయోగశాల సృష్టికి నిదర్శనమని చదివారు, అది నిజమేనా అన్నది రెండో ప్రశ్న. మీ దగ్గరున్న అంకెలతో మొదటి వాక్యం రాయకూడదు, రెండో వాదం నిలబడదు. రెండింటి వెనుకా ఉన్న పొరపాటు ఒకటే కాబట్టి కలిపే వివరిస్తాను.

మీకు తెలిసిన పునాదిని ఇతర పాఠకుల కోసం రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను. ఎ, యు, జి, సి అనే నాలుగు జన్యు అక్షరాలను మూడేసి చొప్పున కూర్చితే వచ్చే పదాలే కోడాన్లు. మొత్తం 64 కోడాన్లలో మూడు ప్రోటీన్ తయారీని ఆపేవి, మిగిలిన 61 కోడాన్లు 20 అమైనో ఆమ్లాలకు సంకేతాలు. మిథియోనీన్‌కూ ట్రిప్టోఫాన్‌కూ ఒక్కొక్కటే ఉండగా, లూసిన్, సెరీన్, ఆర్జినీన్‌లకు ఆరేసి ఉన్నాయి. ఒకే అమైనో ఆమ్లాన్ని సూచించే ఈ పర్యాయ కోడాన్లలో కొన్నింటిని ఎక్కువగా, కొన్నింటిని అరుదుగా వాడటాన్నే కోడాన్ల మొగ్గు అంటున్నాం.

స్పైక్‌లోని ఆర్జినీన్‌నే తీసుకోండి. మొదట వూహాన్‌లో నమోదైన జన్యుక్రమం ప్రకారం 1,273 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌లో ఆర్జినీన్లు 42. వాటిలో ఏజీఏ 20 చోట్ల, ఏజీజీ 10 చోట్ల, సీజీయూ 9 చోట్ల, సీజీజీ 2 చోట్ల, సీజీసీ ఒక్క చోట కనిపిస్తాయి, సీజీఏ అసలే లేదు. ఆరింటినీ సమానంగా వాడి ఉంటే ఒక్కొక్కటి ఏడుసార్లు రావాలి. అందువల్ల ఏజీఏ ఆర్‌ఎస్‌సీయూ 20ని 7తో భాగిస్తే వచ్చే 2.86, సీజీజీది 0.29. ఈ భాగహారం ఏ కోడాన్ ఎక్కువో చెబుతుంది. ఎందుకు ఎక్కువో చెప్పే శక్తి దానికి లేదు. మన రంగంలో వచ్చే పత్రాల్లో చాలావరకు తడబడేది ఈ రెంటి మధ్యనే.

కోడాన్ల మొగ్గు అనగానే అనుకూలత గుర్తుకు రావడానికి కారణం బ్యాక్టీరియా. తొషిమిచి ఇకెమురా 1980ల ఆరంభంలో ఈ.కోలైలో కోడాన్‌ను చదివి అమైనో ఆమ్లాన్ని తెచ్చే టీఆర్‌ఎన్‌ఏల్లో ఏది సమృద్ధిగా ఉంటే దానికి సరిపోయే కోడాన్లే అధికంగా వ్యక్తమయ్యే జన్యువుల్లో ఎక్కువగా ఉంటాయని చూపించారు. షార్ప్, లీ 1987లో రూపొందించిన సీఏఐ ఆ పరిశీలన మీద కట్టినదే. అది అక్కడ నిజంగా పనిచేస్తుంది. చాలా ఏళ్ల క్రితం నేను ఒక వైరస్ ప్రోటీన్‌ను ఈ.కోలైలో తయారు చేయించబోతే, వారం రోజులు, ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్ మీద జెల్ నడిపినా ఆ బరువు దగ్గర పట్టీ జాడే లేదు. క్రమం తీసి చూస్తే ఏజీఏ, ఏజీజీ కోడాన్లు గుంపుగా ఉన్నాయి. ఈ.కోలైకి ఆ రెండూ అరుదైనవి. వాటి టీఆర్‌ఎన్‌ఏలను అదనంగా అందించే రోసెట్టా రకం కణాల్లోకి అదే ప్లాస్మిడ్‌ను (జన్యువును మోసే డీఎన్‌ఏ వలయాన్ని) మార్చగానే మర్నాటికి పట్టీ దట్టంగా వచ్చింది. ఇలాంటి అనుభవం ఒకటి ఎదురైన తరువాత కోడాన్లన్నీ ఆతిథేయి (వైరస్ సోకే జీవి) టీఆర్‌ఎన్‌ఏల కోసమే ఎంపికయ్యాయని నమ్మడం సహజం. నేనూ కొన్నేళ్లు అలాగే నమ్మాను, నా తొలి పత్రంలో మీరు రాయదలచిన వాక్యం వంటిదే రాశాను కూడా.

ఆ నమ్మకాన్ని కదిపిన ఉదాహరణ హెర్పిస్ కుటుంబంలో ఉంది. పెదవుల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్-1 జన్యుపదార్థంలో జి, సి అక్షరాల వాటా సుమారు 68 శాతం. ఆటలమ్మను, తరువాత సర్పిని తెచ్చే వారిసెల్లా జోస్టర్ వైరస్‌లో అది 46 శాతమే. రెండూ ఒకే ఉపకుటుంబానికి చెందినవి, రెండూ మనిషి చర్మంలో, నాడీకణాల్లో బతికేవి, రెండూ అనాదిగా మనతోనే ఉన్నవి. అయినా కోడాన్ల మూడో స్థానంలో ఒకటి జి, సి వైపు గట్టిగా మొగ్గితే రెండోది అలా మొగ్గదు. కోడాన్లు ఆతిథేయి టీఆర్‌ఎన్‌ఏలకు అనుగుణంగా ఒదిగేవే అయితే ఈ రెండూ దగ్గరగా రావలసింది.

మాటలో "ఏటి" వినిపిస్తే శ్రీకాకుళం వైపని, "ఏంది" వినిపిస్తే తెలంగాణమో నెల్లూరో అని ఊహిస్తాం. వైరస్ కోడాన్లనూ మనం అలా యాసలా చదువుతున్నాం. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో అవి యాసకన్నా పాత అచ్చు యంత్రంలో అరిగిన అక్షరాలకు దగ్గరగా ఉంటాయి. ప్రతులు తీసే ఎంజైము ఏ అక్షరాన్ని తరచుగా తప్పుగా వేస్తుందో, కణంలోని ఎంజైములు ఏ అక్షరాన్ని మారుస్తాయో, ఆ ముద్ర పర్యాయ స్థానాల్లో పేరుకుపోతుంది. అక్కడ అక్షరం మారినా ప్రోటీన్ మారదు కాబట్టి దాన్ని తుడిచే శక్తి బలహీనం. జెంకిన్స్, హోమ్స్ 2003లో మనిషికి సోకే 50 ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లను పరిశీలించి, వాటిలో కోడాన్ల మొగ్గు మొత్తం మీద స్వల్పమేననీ, దానికి ప్రధాన కారణం ఉత్పరివర్తన (అక్షరాలు మారిపోయే) ఒత్తిడేననీ చెప్పారు. ఆ తరువాత వచ్చిన వందలాది పత్రాలు ఈ మాటను ఉటంకిస్తూనే తమ వైరస్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చుకోవడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

ఇప్పుడు మీ ఈఎన్‌సీ పటం దగ్గరకు వద్దాం. సార్స్‌-కోవ్‌-2లోని 29,903 అక్షరాల్లో ఎ 8,954, యు 9,594, జి 5,863, సి 5,492. అంటే యు 32 శాతం పైన, సి 18 శాతం పైన ఉన్నాయి. కోడాన్ల మూడో స్థానంలో జీసీ వాటా సుమారు 28 శాతానికి పడిపోతుంది. ఆ వాటాను బట్టే ఈఎన్‌సీ ఎంత ఉండాలో చెప్పేందుకు ఫ్రాంక్ రైట్ 1990లో ఇచ్చిన సూత్రమే మీ ప్రామాణిక వక్రరేఖ, అందులో 0.28 వేస్తే ఆశించవలసిన ఈఎన్‌సీ సుమారు 50.9 వస్తుంది. వాస్తవ విలువ దానికన్నా తక్కువగా వచ్చింది కాబట్టి మిగిలిన తేడా ప్రకృతి వరణానిదని మీరు అనుకున్నారు. కానీ ఆ వక్రరేఖలో ఒక ఊహ దాగి ఉంది. జీసీ 28 శాతమైతే జి, సి చెరి 14 అనీ, మిగిలిన 72ను ఎ, యు చెరి 36గా పంచుకున్నాయనీ అది అనుకుంటుంది. నాలుగు పర్యాయాలున్న ఒక అమైనో ఆమ్లానికి ఆ పంపకంలో సమర్థ కోడాన్ల సంఖ్య 3.35 వస్తుంది. అదే 72ను యు 48, ఎ 24గా, 28ని సి 16, జి 12గా పంచి చూడండి, 3.05కు దిగిపోతుంది. జీసీ మారలేదు, ఏ వరణమూ పనిచేయలేదు, అక్షరాల పంపకం ఎగుడుదిగుడైనందుకే బిందువు గీత కిందికి జారింది. సార్స్‌-కోవ్‌-2లో సి నుంచి యుకు మారే ఉత్పరివర్తనలు చాలా ఎక్కువగా కనిపిస్తాయి, దాని వెనుక అపోబెక్ వంటి కణ ఎంజైముల పాత్ర ఉందన్నది బలమైన అనుమానం. అలాంటి వైరస్ గీత కింద పడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

రెండో ముద్ర అక్షరాల జంటలది. సి పక్కనే జి వచ్చే సీపీజీ జంట ఈ వైరస్‌లో, అక్షరాల వాటాను బట్టి ఆశించిన దానిలో సుమారు 0.4 వంతే ఉంది. వెన్నెముక గల జీవుల ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో చాలావాటికి ఈ లక్షణం ఉంది. మానవ డీఎన్‌ఏలో సీపీజీ తగ్గడానికి మిథైలేషన్ కారణం, ఆ కారణం ఆర్‌ఎన్‌ఏ వైరస్‌కు వర్తించదు. జాప్ అనే కణ ప్రోటీన్ సీపీజీ ఎక్కువగా ఉన్న ఆర్‌ఎన్‌ఏను పట్టుకొని నాశనం చేయిస్తుందని 2017లో హెచ్‌ఐవీ మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. గమనించవలసిన సంగతేమిటంటే, ఇది వరణమే, ఆతిథేయి వల్ల జరిగే వరణమే, కానీ దీనికి టీఆర్‌ఎన్‌ఏతోనూ, ప్రోటీన్ తయారీ వేగంతోనూ పని లేదు. ఆర్జినీన్ కోడాన్లలో సీజీతో మొదలయ్యే నాలుగూ నలిగిపోయి ఏజీఏ పైకి రావడంలో దీని వాటా పెద్దది. కనుక "వరణం" అన్న మాట వాడినా, ఏ వరణమో చెప్పకపోతే ఆ మాటకు అర్థం ఉండదు.

సీఏఐ 0.7 చూసి మురిసిపోవద్దు. మానవ జన్యువుల్లో ఆర్జినీన్‌కు సీజీజీ 21 శాతం, ఏజీఏ, ఏజీజీ ఇంచుమించు ఇరవయ్యేసి శాతం, సీజీసీ 19, సీజీఏ 11, సీజీయూ 8. ఇంత చదునైన పంపకంలో అన్నింటికన్నా అరుదైన సీజీయూకు కూడా 8ని 21తో భాగించగా 0.38 మార్కులు వస్తాయి. లైసిన్‌కు ఏఏఏ 43, ఏఏజీ 57, అంటే తక్కువ దానికి 0.75. ఫినైల్‌అలనీన్‌కు యూయూయూ 46, యూయూసీ 54, అంటే 0.85. ఏ కోడాన్ రాసినా పాస్ మార్కులు వేసే పరీక్ష ఇది. దానికి తోడు సీఏఐ అసలు నిర్వచనం ప్రకారం ఆధార జట్టు అధికంగా వ్యక్తమయ్యే జన్యువులదై ఉండాలి, మీరు మానవ జన్యువులన్నిటి సగటు తీసుకున్నారు. ఆ సగటు మానవ టీఆర్‌ఎన్‌ఏల అద్దం కూడా కాదు. మన జన్యువుల మూడో స్థానంలో జీసీ హెచ్చుతగ్గులకు క్రోమోజోములో ఆ జన్యువు ఏ ప్రాంతంలో ఉందన్నదే చాలావరకు కారణం. అంటే మీరు ఒక ఉత్పరివర్తన ముద్రను మరొక ముద్రతో పోల్చి, వచ్చిన అంకెకు అనుకూలత అని పేరు పెట్టారు.

ఇలా చేస్తే ఏమవుతుందో 2020 జనవరి 22న లోకం చూసింది. మహమ్మారి పేరు ఇంకా స్థిరపడకముందే ఒక పత్రం వైరస్ ఆర్‌ఎస్‌సీయూ విలువలను కొన్ని జంతువుల విలువలతో పోల్చి, దూరం అతి తక్కువగా వచ్చింది పాములతో కాబట్టి చైనాలోని ఒక రకం కట్లపాము, నాగుపాము దీనికి మధ్యవర్తులు కావచ్చని ప్రకటించింది. వార్తాపత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. కొన్ని రోజుల్లోనే వైరాలజిస్టులు దాన్ని తోసిపుచ్చారు. ఈ వంశానికి చెందిన కరోనా వైరస్‌లు స్తన్యజీవుల్లో కనిపించేవి, పోలికకు తీసుకున్న జంతువులు కొద్ది, వాటిలో కొన్నింటికి డేటాబేస్‌లో ఉన్న జన్యువులూ కొద్దే. పాముల సగటు ఎ, యు వైపు కొంచెం ఎక్కువ మొగ్గి ఉంటే చాలు, ఎ, యు నిండిన ఏ వైరస్ అయినా దానికి దగ్గరవుతుంది. మీ పద్ధతికీ ఆ పత్రం పద్ధతికీ తేడా ఒక్కటే, మీరు సరైన జవాబు ముందే తెలిసిన ఆతిథేయిని తీసుకున్నారు.

సీజీజీ జంట సంగతికి వస్తాను. స్పైక్‌లో ఫ్యూరిన్ ఎంజైము కోసే చోట క్రమం ఇలా ఉంటుంది: ఏఏయూ, యూసీయూ, సీసీయూ, సీజీజీ, సీజీజీ, జీసీఏ, సీజీయూ, ఏజీయూ. దగ్గరి బంధువైన గబ్బిలం వైరస్ ఆర్‌ఏటీజీ13తో పోలిస్తే ఇక్కడ 12 అక్షరాలు అదనంగా ఉన్నాయి, మొత్తం స్పైక్‌లో ఉన్న రెండు సీజీజీలూ ఇక్కడే ఉన్నాయి. వైరస్ ఇష్టపడని కోడాన్, మనిషి ఎక్కువగా వాడే కోడాన్, కాబట్టి మనిషే రాసి ఉంటాడన్నది వాదం. నోబెల్ గ్రహీత డేవిడ్ బాల్టిమోర్ అంతటివారు 2021లో దీన్ని తిరుగులేని ఆధారమన్నట్టు మాట్లాడి, కొద్ది వారాలకే తాను అంత గట్టిగా అనకుండా ఉండవలసిందని సరిదిద్దుకున్నారు. అరుదు అంటే లేదని కాదు. ఈ వైరస్ ఆర్జినీన్ కోడాన్లలో సుమారు 3 శాతం సీజీజీలే, అవి మిగతా జన్యువుల్లోనూ చెదురుమదురుగా ఉన్నాయి. పైగా కొత్తగా చొరబడిన ముక్కలో పాత ముద్ర ఉండాలని ఆశించడం తప్పు, ఎందుకంటే అది ఆ ముద్ర పడేంత కాలం అక్కడ లేదు. చేరిక జరిగిన తీరు కూడా చూడండి. అది కోడాన్ల సరిహద్దు దగ్గర శుభ్రంగా అతికినట్టు లేదు, ఒక సెరీన్ కోడాన్‌ను మధ్యలో చీల్చుకొని, మూడేసి అక్షరాలుగా చదివే విభజనకు (ఫ్రేమ్‌కు) అడ్డంగా కూర్చుంది. చేత్తో రాసేవాడు అలా రాయడానికి కారణం కనిపించదు. ఇక ఆ చోటుకే ముందున్న ప్రోలీన్ ఆల్ఫా రకంలో హిస్టిడీన్‌గా, డెల్టాలో ఆర్జినీన్‌గా మారింది, రెండూ ఒకే అక్షరం మార్పులు. ఆ పక్కనున్న సీజీజీలు మాత్రం కోట్లాది మందిలో తిరిగాక కూడా చాలావరకు చెక్కుచెదరలేదు. వైరస్ మూలం గురించిన చర్చ వేరే సాక్ష్యాలతో జరగవలసింది. ఈ రెండు కోడాన్లు ఏ పక్షానికీ సాక్షులు కావు.

అయితే వైరస్‌కు కోడాన్లతో పనే లేదా అని మీరు అడగవచ్చు. తప్పక ఉంది, దాన్ని ప్రయోగం చేసి చూపిన వారున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ బృందం 2008లో పోలియో వైరస్ పైపొర జన్యుభాగాన్ని ఒక్క అమైనో ఆమ్లం కూడా మారకుండా, 631 పర్యాయ మార్పులతో తిరగరాసింది. అరుదైన కోడాన్ జంటలు పక్కపక్కన పడేలా కూర్చిన ఆ మార్పులన్నీ ఉన్న వైరస్ బతకనే లేదు, వాటిలో కొంత భాగమే ఉన్న వైరస్‌లు ఎలుకల్లో బాగా బలహీనపడ్డాయి. ఇలాంటి బలహీనత ఒకటి రెండు మార్పులతో తిరగబడదు కాబట్టి టీకా తయారీదారులకు ఇది ఆకర్షణీయం. 2020 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంతో కలిసి కోడాన్లు చెడగొట్టిన సజీవ కోవిడ్ టీకాపై పని ప్రకటించింది. కోడాజెనిక్స్ సంస్థ పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌తో చేతులు కలిపి ముక్కులో వేసే టీకాకు స్పైక్‌లో 283 నిశ్శబ్ద మార్పులు చేసింది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. కోడాన్ జంటల్ని తారుమారు చేసేటప్పుడు తెలియకుండానే సీపీజీ, యూపీఏ (యు పక్కన ఎ) అక్షర జంటలు పెరుగుతాయనీ, బలహీనతకు అసలు కారణం అవేననీ ఎడిన్‌బరో పరిశోధకులు 2014లో మరో ఎంటరోవైరస్ మీద చూపించారు. ఆ వాదోపవాదాలు తరువాత కూడా సాగాయి. అదుపులో ఉన్న ప్రయోగంలోనే కోడాన్ ప్రభావాన్నీ అక్షర జంటల ప్రభావాన్నీ విడదీయడం ఇంత కష్టమైతే, డేటాబేస్ నుంచి దించుకున్న క్రమాలతో అది ఎంత కష్టమో ఊహించండి.

పోలిక కుదరకపోవడమే వైరస్‌కు లాభమైన సందర్భాలూ ఉన్నాయి. హెపటైటిస్-ఎ వైరస్ మన కణాలకు అరుదైన కోడాన్లను ఎక్కువగా వాడుతూ నిదానంగా పెరుగుతుంది. ఆ నిదానం దాని పైపొర ప్రోటీన్ సరిగా మడత పడటానికి తోడ్పడుతుందని బార్సిలోనా బృందం చూపింది. గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు కారణమయ్యేవి కూడా ఉన్న పాపిలోమా వైరస్‌ల కుటుంబంలో, ఆలస్యంగా పనిచేసే జన్యువుల్లోని కోడాన్లు మామూలు కణాల్లో సరిగా పనిచేయవని 1999లో జియాన్ ఝౌ, ఇయాన్ ఫ్రేజర్ బృందం వెల్లడించింది. ఆ ప్రోటీన్లు చర్మం పైపొరలకు చేరిన కణాల్లోనే తయారు కావడానికి ఇదొక వివరణ. అనుకూలత అంటే ఆతిథేయితో సీఏఐ పెరగడమే అన్న సమీకరణం ఈ వైరస్‌ల దగ్గర తలకిందులవుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలను కూడా ఈ వరుసలోనే చూడండి. వైరస్ స్పైక్ జన్యువులో జీసీ 37 శాతం, ఫైజర్ టీకాలో 57, మోడెర్నా టీకాలో 62. రెండు ప్రోలీన్ మార్పులు తప్ప అమైనో ఆమ్లాలు అవే. వైరస్ స్వతహాగా మన కణాలకు అంత చక్కగా ఒదిగి ఉంటే టీకా రచయితలు ఇంతగా తిరగరాయవలసిన అవసరం ఉండేది కాదు.

మీరు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మీ జన్యువు అమైనో ఆమ్ల క్రమాన్ని అలాగే ఉంచి, అక్షరాల వాటానూ, వీలైతే పక్కపక్క అక్షరాల జంటల వాటానూ నిలబెడుతూ పర్యాయ కోడాన్లను కలగాపులగం చేసి ఒక వెయ్యి నకిలీ వరుసలు తయారు చేయండి. ప్రతిదానికీ సీఏఐ లెక్కగట్టి, అసలు జన్యువు విలువ ఆ వెయ్యింటి గుంపు మధ్యలో పడిందో, అంచు దాటిందో చూడండి. మధ్యలో పడితే మీ 0.7కు అర్థం లేదు. కోడాన్ల మొదటి రెండు స్థానాల జీసీ వాటాను (జీసీ12) మూడో స్థానపు వాటా (జీసీ3) మీద గీసే పటంలో వాలు 0.1 వచ్చింది కనుక తొంభై శాతం వరణమని రాసే అలవాటును కూడా మానుకోండి, మొదటి రెండు స్థానాలు అమైనో ఆమ్లాలతో కట్టుబడి ఉంటాయి కాబట్టి ఆ వాలు ఎప్పుడూ చిన్నదిగానే వస్తుంది. మరొకటి, మీరు దించుకున్న వేల క్రమాలు ఒకే మూలం నుంచి కొన్నేళ్లలో చీలినవి. వాటిని వేల స్వతంత్ర పరిశీలనలుగా లెక్కిస్తే ఎంత చిన్న తేడాకైనా అద్భుతమైన పి విలువ వచ్చేస్తుంది. ఒక్కో వంశం నుంచి ఒకటి చొప్పున తీసుకొని, సార్స్, మెర్స్, మామూలు జలుబు తెచ్చే నాలుగు కరోనా వైరస్‌లతో పోల్చండి.

అప్పటివరకు సిద్ధాంత గ్రంథంలో ఆ వాక్యం స్థానంలో, ఈ జన్యువుల్లో యు, ఎ తో ముగిసే కోడాన్లు ఎక్కువనీ, ఆ తీరు వైరస్ అక్షరాల వాటాతోనూ సీపీజీ కొరతతోనూ సరిపోతుందనీ, అంతకు మించిన వరణ ప్రభావాన్ని ఈ విశ్లేషణ వేరు చేయలేదనీ రాయండి. ఆ వెయ్యి నకిలీ వరుసల పటాన్ని వైవాకు ముందే మీ గైడ్‌గారికి చూపించండి, పరీక్షకులు మొదట అడిగేది దాని గురించే.